మోషే మరణాన్ని మోషేనే రాశాడా? పాత యూదు వ్యాఖ్యానాలకు నేటి విశ్వవిద్యాలయంలో చోటెంత?

తార్నాక విద్యార్థిని:
హైదరాబాదులో మతాల తులనాత్మక అధ్యయనంలో ఎం.ఏ. చదువుతున్నాను. చిన్ననాటి నుంచి నాయనమ్మ పక్కన కూర్చొని తెలుగు బైబిలు చదివిన నాకు పంచకాండాలు, అంటే బైబిలులోని మొదటి ఐదు గ్రంథాలు, మోషే రచనలేనన్న విషయంలో ఎన్నడూ సందేహం కలగలేదు. వాటిలో వేర్వేరు కాలాలకు చెందిన నాలుగు మూలాలు కలిసిపోయాయని 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు వెల్‌హౌజన్ స్థిరపరచిన సిద్ధాంతాన్ని ఇప్పుడు తరగతిలో బోధిస్తున్నారు. ఆ మూలాలకు గుర్తుగా చెప్పే మార్పు, అంటే ఆదికాండం మొదటి అధ్యాయంలో “దేవుడు” అని మాత్రమే ఉండి, రెండో అధ్యాయం 4వ వచనంలో “దేవుడైన యెహోవా” అని మారడం మన తెలుగు ప్రతిలోనే కనిపించి ఆశ్చర్యపోయాను. ఇలా విడదీసి చదివే చోట పాత యూదు వ్యాఖ్యానాలు భక్తికి మాత్రమే పనికివస్తాయా?

పాత ప్రతుల పాఠకుడు:
ఆ సందేహాలు వెల్‌హౌజన్‌తో మొదలు కాలేదమ్మా. ద్వితీయోపదేశకాండం చివర మోషే మరణం ఉంది కదా, తన మరణాన్ని తానే ఎలా రాస్తాడని యూదుల ప్రాచీన ధర్మచర్చల సంపుటమైన తాల్ముదులోని పండితులే అడిగారు. చివరి 8 వచనాలను మోషే వారసుడు యెహోషువ రాశాడని ఒకరు, దేవుడు పలుకుతుంటే మోషే కన్నీళ్లతో రాశాడని మరొకరు చెప్పారు. ఆ రెండింటిలో ఒకదాన్ని చెరిపివేయకుండా పక్కపక్కనే నిలిపి ఉంచడం ఆ సంప్రదాయంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే సంగతి. 12వ శతాబ్దంలో స్పెయిన్ పండితుడు ఇబ్న్ ఎజ్రా, ఆదికాండం 12వ అధ్యాయం 6వ వచనంలో అప్పుడు కనానీయులు ఆ దేశంలో ఉన్నారన్న మాట దగ్గర ఆగాడు. “అప్పుడు” అనడం వాళ్లు లేని, అంటే మోషే తర్వాతి కాలంలో రాసినట్లు ధ్వనిస్తుందని గ్రహించి, ఇక్కడ ఒక రహస్యం ఉందనీ తెలిసినవాడు మౌనం వహిస్తాడనీ సూచించి ఊరుకున్నాడు. ఆ మౌనాన్ని 1670లో డచ్చి తత్వవేత్త స్పినోజా, పంచకాండాలు మోషే రచన కాదంటూ బాహాటంగా విప్పాడు.

కవిత్రయ అభిమాని:
నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపినచోట ఎఱ్ఱన అందుకున్నాడని మనకు తెలుసు. నన్నయ రచనగానే తోచేలా పూరించానని ఆయనే చెప్పుకున్నాడు కూడా. పంచకాండాల్లో అలాంటి మాట ఎవరూ మిగల్చలేదు కనుక నాలుగు మూలాల విభజన ఎంత నిశితమైనదైనా ఊహగానే మిగులుతుంది. 1970ల నుంచి ఆ రంగంలోని పండితులే దాన్ని గట్టిగా ప్రశ్నిస్తున్నారు. బైబిలులోనే ఉన్న యిర్మీయా గ్రంథం సంగతి వేరు: గ్రీకు అనువాదంలో అది హీబ్రూ ప్రతికంటే సుమారు ఎనిమిదో వంతు చిన్నది, ఆ చిన్న పాఠానికి దగ్గరైన హీబ్రూ శకలాలు మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరికాయి. ఊహకూ చేతిలో ఉన్న ప్రతికీ మధ్య ఉన్న ఈ తేడాను మీ వ్యాసంలో ఎక్కడా చెరగనివ్వకండి.

తార్నాక విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వ్యాసాన్ని ఇబ్న్ ఎజ్రాతోనే మొదలుపెడతాను. తాల్ముదులోని రెండు అభిప్రాయాలనూ రాత్రి నాయనమ్మకు వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడకుండా ఉండి, కన్నీళ్లతో రాయడం ఏ వచనం దగ్గర మొదలైందని అడిగింది. ద్వితీయోపదేశకాండం 34వ అధ్యాయం తెరిచి, 5వ వచనం చూపించాను.