‘పులిహోర కలపడం’ జాతీయమేనా? మార్కు వేయొచ్చా?

పటమట మాస్టారు:
పదో తరగతి వాళ్ళకి క్లాసులో చిన్న పరీక్ష పెట్టాను. ‘మీకు తెలిసిన ఒక జాతీయాన్ని సొంతవాక్యంలో ప్రయోగించండి’ అన్నది ఒక ప్రశ్న. ఒకడు ఇలా రాశాడు: ‘మా అన్న బీసెంట్ రోడ్డులో చెప్పుల షాపు అమ్మాయితో పులిహోర కలిపి యాభై రూపాయలు తగ్గించుకున్నాడు.’ పూర్తి మార్కు వేశాను. స్టాఫ్ రూములో గొడవ. అది వీధి భాష, జాతీయం కాదు, ఇలా అలవాటు చేస్తే పబ్లిక్‌లో సున్నా వస్తుందని ఒక టీచరుగారు కోప్పడ్డారు. మిగతా క్లాసంతా ఏం రాసిందో కూడా వినండి. ‘మేము భగీరథ ప్రయత్నం చేశాము.’ ఎందుకు చేశారు, ఏం చేశారు, ఏమీ లేదు. ఈ వాక్యానికి మాత్రం ఎవరూ మార్కు తగ్గించరు. మీరేమంటారు?

బ్రాడీపేట 4/14:
టీచరుగారి మాటే రైటు. ఇట్టాంటివి వస్తాయి, పోతాయి. మా కాలేజీ రోజుల్లో నోరు తెరిస్తే వచ్చిన మాటలు సగం ఇప్పటి పిల్లలకి తెలియవు. బడి ఉన్నది బజార్లో దొరకనివి నేర్పడానికి. ‘అవినీతి కబంధ హస్తాల్లో’ అని రోజూ పేపర్లో చదువుతాం. కబంధుడెవరో తెలిసినవాళ్ళు ఎంతమంది? తల లేదు, కడుపులోనే నోరు, చేతులు మాత్రం యోజనం పొడవు. కూర్చున్న చోటి నుంచే అందినదల్లా లాక్కుని మింగుతాడు. అరణ్యకాండలో రామలక్ష్మణుల్నీ అట్టాగే పట్టుకున్నాడు, వాళ్ళు చేతులు నరికితేగానీ వదల్లేదు. ఈ కథ తెలిస్తే ఆ మాటకి వణుకు పుడుతుంది. తెలియకపోతే మా మేనల్లుడిలా ‘ముఖ్య అతిథిని కబంధ హస్తాలతో ఆహ్వానించాము’ అని రాస్తారు.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు:
మేనల్లుడి వాక్యం అదిరింది.
అయినా వీధిలో పుట్టిందా, పురాణంలో పుట్టిందా అన్నది కొలబద్ద కాదు. విడిమాటల అర్థాలు కలిపితే అసలు అర్థం రాకూడదు, ఒక మాట తీసి దానికి సాటి మాట పెడితే మొత్తం చెడిపోవాలి. ‘నీళ్ళు నములుతున్నాడు’ అంటే జవాబు చెప్పలేక నసుగుతున్నాడని. ‘మజ్జిగ నములుతున్నాడు’ అనండి, ఎవరికీ ఏమీ తెలియదు. పులిహోర కలిపితే సరసం, చిత్రాన్నం కలిపితే వంట. మరి పులిహోర నెగ్గినట్టే కదా? సామెతైతే తనంతట తాను పూర్తి వాక్యంగా నిలబడుతుంది. జాతీయానికి ఆ బలం లేదు, ఇంకో వాక్యంలో ఒదగాల్సిందే. అక్కడా ఆ పిల్లాడు పాసే.
ఇంకోటి. ‘మొసలి కన్నీరు’ని ఏ పంతులుగారూ కొట్టేయరు. అది ఇంగ్లీషు నుంచి దిగిన సరుకే.

బ్రాడీపేట 4/14:
మీ కొలబద్ద ప్రకారం ‘చెవిలో పువ్వు’ జాతీయం కాకుండా పోతుంది. ‘చెవిలో క్యాలీఫ్లవర్ పెట్టమాకు’ అని జనం అంటూనే ఉన్నారు, అర్థం చెడలేదే?

లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు:
పువ్వు అందరికీ తెలుసు కాబట్టే క్యాలీఫ్లవర్‌కి నవ్వొస్తుంది. ప్రాణమున్న జాతీయంతోనే అలా ఆడుకోగలం. ‘కబంధ హస్తాల’తో అలా ఎవరైనా ఆడుకుంటున్నారా?

మంగళగిరి మగ్గం:
పురాణం, వీధి అని రెండే గట్లు పెట్టుకుని కొట్టుకుంటున్నారు. చేతిపనుల్లోంచి వచ్చినవి ఎటు పోవాలి? ‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’ అంటాం. మా పిల్లలు అందులో మేకని, అదే జంతువుని, చూస్తున్నారు. ఏకు అంటే రాట్నం మీద నూలు తీయడానికి దూదిని మెత్తగా, వేలంత లావున చుట్టి పెట్టుకునేది. వేళ్ళ మధ్య ఉన్నట్టే ఉండదు. మేకు అంటే ఇనుప మేకు. అంత మెత్తగా వచ్చినవాడు దిగ్గొట్టిన మేకులా కదలకుండా కూర్చున్నాడని. ఏకుని ఒక్కసారి చేత్తో పట్టుకున్నవాడికి ఇదంతా చెప్పాల్సిన పనిలేదు. గుంటూరు జిల్లాలో ఇంత పత్తి పండుతుంది, పిల్లలకి ఏకు చూపించిన బడి మాత్రం నాకు కనపడలేదు.

సింగ్‌నగర్ లత:
మేకు సంగతి మా ఇంట్లో చదివి వినిపించా, అందరూ మేక పార్టీయే 😄
2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు కింద వాటాలో సామాను మొత్తం పోయింది. ‘అంతా కృష్ణార్పణం’ అంది మా అత్తయ్య. మా వాడు ‘ముంచింది బుడమేరు కదా నానమ్మా, కృష్ణానదిని ఎందుకంటావ్’ అన్నాడు. దేవుడికి సమర్పించేటప్పుడు అనే మాట అది, ఇంట్లో ఏది పోయినా అదే అంటారని విడమరిచి చెప్పాల్సొచ్చింది. బెజవాడలో పుట్టిన పిల్లాడికి కృష్ణ అంటే ముందు నదే గుర్తొస్తుంది, వాణ్ణి ఏమనగలం? కానీ మాస్టారూ, ఆ మాట ఎప్పుడు అనాలో వాడికి ముందే తెలుసు. స్కూల్లో వాటర్ బాటిల్ పోగొట్టుకొచ్చినా కృష్ణార్పణమే అంటాడు. కథ తెలియకుండానే సరిగ్గా వాడుతున్నాడుగా.

పటమట మాస్టారు:
లతగారూ, నేను పట్టుకోవాలనుకున్నది సరిగ్గా ఇదే. గిరీశం ఆఖరి మాట తీసుకోండి. 1909 కన్యాశుల్కంలో ‘కథ అడ్డంగా తిరిగింది’ అంటాడు. ఆ నాటకం మొహం చూడనివాళ్ళు కూడా లోను శాంక్షన్ కాకపోతే అదే మాట అంటున్నారు. మూలం తెలిస్తే రుచి పెరుగుతుంది, కాదనను. కానీ ఎవరి దగ్గర, ఏ సందర్భంలో అనాలో తెలియడం ముందు. పులిహోర రాసినవాడికి అది తెలుసు, భగీరథుణ్ణి దింపినవాళ్ళకి తెలుసో లేదో ఆ వాక్యం చూసి నేను చెప్పలేను.

బ్రాడీపేట 4/14:
ఎవరి దగ్గర అనాలో తెలియడమే ముఖ్యమంటున్నారు గదా, సరే. పరీక్ష పేపరు మీద, దిద్దే టీచరు ముందు పులిహోర కలిపేశాడు. అది తెలిసినట్టా?

పటమట మాస్టారు:
ఈ దెబ్బకి జవాబు ఆలోచించాలి. ఈలోగా ప్రశ్న మారుస్తున్నాను. ‘పెళ్ళి చూపుల్లో కట్నం మాటెత్తగానే అబ్బాయి తండ్రి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఈ సంగతి ఒక జాతీయంతో (అ) మీ స్నేహితుడికి చెప్పండి (ఆ) మీ తాతగారికి చెప్పండి.’

బ్రాడీపేట 4/14:
ప్రశ్న బాగుంది, బట్టీ పట్టి రాయలేరు. (అ)లో ఏ వీధి మాట రాసినా వేసేయండి. (ఆ)లో రాస్తే మాత్రం నేనైతే అర మార్కు కూడా వెయ్యను.