60 మెయిళ్ళు పెట్టాను, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) దొరకలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

విశాఖ_కెమిస్ట్రీ:
అందరికీ నమస్కారం. విశాఖలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ. జూన్‌లో థీసిస్ సబ్మిట్ చేశాను, అక్టోబర్ వచ్చినా వైవా అవలేదు. నా పని మాఫ్‌ల (లోహం, కర్బన అణువులు అల్లుకుని సన్నటి రంధ్రాలతో ఉండే పదార్థాల) మీద, ముఖ్యంగా రాగితో చేసే హెచ్‌కేయూఎస్‌టీ-1 అనే మాఫ్ మీద. జర్మనీ, స్పెయిన్ ప్రొఫెసర్లకు 60 మెయిళ్ళు పెడితే రెండు జవాబులు వచ్చాయి. రెండూ ఫండింగ్ లేదనే. ఫెలోషిప్ ఆగిపోయింది. ఏదైనా కాలేజీలో లెక్చరర్‌గా చేరమని ఇంట్లో ఒకటే పోరు. నాకు ల్యాబ్ వదలాలని లేదు. వయసు 31.

తార్నాక_అక్క:
నేను జర్మనీలో మూడేళ్ళు పోస్ట్‌డాక్ చేసి వచ్చాను. తమ్ముడూ, ఆ మెయిల్లో మొదటి రెండు వాక్యాలు ఇక్కడ పెట్టు.

విశాఖ_కెమిస్ట్రీ:
"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ ప్రతిష్ఠాత్మకమైన గ్రూపులో పనిచేయాలని నా చిరకాల కోరిక. నేను కష్టపడి పనిచేస్తాను." అందరికీ ఇదే పంపాను, పేరు మార్చి.

తార్నాక_అక్క:
ఇందులో నీ పని గురించి ఒక్క ముక్క లేదు. నేనూ మొదట్లో అచ్చం ఇలాగే రాశాను, ఒక్కరూ పలకలేదు. సరే, పీహెచ్‌డీలో నిన్ను బాగా ఏడిపించిందేమిటి?

విశాఖ_కెమిస్ట్రీ:
తేమ అక్కా. హెచ్‌కేయూఎస్‌టీ-1 గాలిలోని తేమని పీల్చేస్తుంది. వాక్యూమ్‌లో వేడిచేసి తీసినప్పుడు ఆ పొడి ముదురు నీలంగా ఉంటుంది. మా ల్యాబ్‌కి సముద్రం దగ్గర. వానాకాలంలో సీసా మూత తీసి తూచేలోపే లేత నీలమైపోయేది. బ్యాలెన్స్ మీద అంకె నిలిచేది కాదు, మిల్లీగ్రాము తర్వాత మిల్లీగ్రాము పెరుగుతూనే ఉండేది. ఏడాది దానికే పోయింది. చివరికి గ్లవ్ బ్యాగ్‌లో (చేతి తొడుగులు అమర్చిన మూసిన సంచిలో) నైట్రోజన్ నింపి అందులోనే తూచాను, అప్పుడు రీడింగులు కుదిరాయి. థీసిస్‌లో ఒక్క పేరా రాసి వదిలేశాను.

తార్నాక_అక్క:
మెయిల్ ఆ పేరాతోనే మొదలుపెట్టు! తేమకి మాఫ్‌లు ఎలా తట్టుకుంటాయన్న దాని మీద పనిచేసే ల్యాబులు పది ఎంచుకో, చాలు. ఒక్కొక్కరి ఈమధ్య పేపరు సప్లిమెంటరీతో (పేపరుకి జతచేసే అదనపు వివరాలతో) సహా చదువు. సీవీ రెండు పేజీలు దాటనివ్వకు.

ఫండింగ్ లేదన్నవాళ్ళని వదిలేయకు. యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి హోస్ట్‌గా ఉంటారా అని మళ్ళీ అడుగు. దానికి గడువు మామూలుగా సెప్టెంబరులో ఉంటుంది, ఆ తేదీకి నీ పీహెచ్‌డీ అయిపోయి ఉండాలి. అందుకే వైవా సంగతి నాన్చొద్దు. నాకు థీసిస్ ఎగ్జామినర్ రిపోర్టు ఒకటి రావడానికి ఐదు నెలలు పట్టింది, వెంటపడితే తప్ప కదల్లేదు.

గచ్చిబౌలి_బయో:
మన దేశంలో ఇచ్చే ఎన్‌పీడీఎఫ్‌కి (నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్‌కి) కూడా పెట్టండి. పరిశోధనకి నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ పాత పథకమే, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ చూస్తోంది. రెండేళ్ళు ఇస్తారు. థీసిస్ సబ్మిట్ చేసి ఉంటే డిగ్రీ రాకముందే అప్లై చేయొచ్చు. వయోపరిమితి 35, మీకు ఇబ్బంది లేదు. మెంటర్‌ని మాత్రం మీ పాత ల్యాబ్‌లో కాకుండా బయట చూసుకోండి, నోటిఫికేషన్ వచ్చాక వెతికితే ఆలస్యమైపోతుంది.

విశాఖ_కెమిస్ట్రీ:
ఇద్దరికీ చాలా థాంక్స్. రాత్రంతా కూర్చుని ఒకటి రాశాను. మొదలు ఇలా ఉంది: "మీరు గాలి తగలకుండా తూచిన పదార్థాన్నే నేను సముద్రపు గాలిలో తూచాల్సి వచ్చింది. మీ సప్లిమెంటరీలోని తేమ రీడింగులు నా వాటితో రెండుచోట్ల కలవలేదు. కారణం ఇదని నా అనుమానం." అక్కా, మొదటిసారే కలవలేదని రాస్తే ఆయన ఏమైనా అనుకుంటారా? పొద్దున్నే వైవా కోసం ఎగ్జామినేషన్ సెక్షన్‌కి వెళ్తున్నాను, వచ్చి చూస్తాను.