మూడు వారాల పాపకి విటమిన్ ఎ సిరప్ పట్టొచ్చా?

ప్రశ్న, డల్లాస్:
నమస్తే అండీ, కొత్తగా వచ్చాం. పాప నెలలు నిండాకే పుట్టింది, తల్లిపాలే తాగుతోంది. అత్తయ్య గుంటూరు నుంచి విటమిన్ ఎ సిరప్ తెచ్చారు. పుట్టగానే వేస్తే పేగుల్లో మంచి బాక్టీరియా పెరుగుతుందని చదివాం. ఎంత పట్టాలి?

జవాబు, హ్యూస్టన్:
వద్దండీ, ఒక్క చుక్క కూడా వద్దు. మన దగ్గర ఏఎన్ఎంలు వేసే సిరప్‌లో మిల్లీలీటరుకి లక్ష యూనిట్లుంటాయి. సీసాతో వచ్చే చెంచా నిండా 2 మి.లీ., సగం గీత దాకా 1 మి.లీ. ఆ సగం చెంచా వేసేది 9 నెలలకి, మీజిల్స్-రుబెల్లా టీకాతో పాటు. తర్వాత ఐదేళ్లు వచ్చేదాకా ఆర్నెల్లకోసారి నిండు చెంచా. ఇక్కడి లెక్కన ఏడాదిలోపు పిల్లలకి రోజుకి దాటకూడనిది 600 మైక్రోగ్రాములు, అంటే 2,000 యూనిట్లు. మోతాదు మించితే మాడు ఉబ్బుతుంది, వాంతులవుతాయి, బిడ్డ ఏడుపు ఆపదు. ఇప్పటికే పట్టి ఉంటే సీసా చేతిలో పెట్టుకుని 1-800-222-1222కి ఫోన్ చేయండి. అది పాయిజన్ కంట్రోల్ నంబరు, రాత్రీ పగలూ పలుకుతారు.

జవాబు, శాన్ డియాగో:
మీరు చదివింది ఢాకా పరిశోధన గురించి అయ్యుంటుంది. అక్కడ పుట్టిన 48 గంటల్లోపు 50,000 యూనిట్లు వేసి, 6–15 వారాల వయసులో మలం పరీక్షించారు. బిఫిడోబాక్టీరియం అనే మంచి బాక్టీరియా పెరిగింది మగపిల్లల్లో. మీది పాప. పైగా దాన్ని చూసి ఇంట్లో మందు పట్టేంత రుజువు అందులో లేదు. పుట్టిన పిల్లలకి, 1–5 నెలల వాళ్లకి విటమిన్ ఎ వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు, 2011 నుంచీ అదే మాట.

ఆ బాక్టీరియాకి అసలు మేత మీ పాలలోనే ఉంది. తల్లిపాలలో కొన్ని చక్కెరలు బిడ్డకి అరగవు, నేరుగా పెద్దపేగు దాకా వెళ్తాయి. బిఫిడో వాటిని తిని ఆమ్లాలు చేస్తుంది. పేగు పుల్లబడితే హాని చేసే సూక్ష్మజీవులకి అక్కడ చోటు తగ్గుతుంది. అందుకని ఆర్నెల్ల దాకా పాలే పట్టండి. ఆముదం, గ్రైప్ వాటర్ వద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకి రాయడం కూడా వద్దు, బొటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) రావచ్చు. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మాత్రం బాక్టీరియా పోతుందని మధ్యలో ఆపకండి.

జవాబు, న్యూజెర్సీ:
పాపకి ఇప్పుడు కావలసింది విటమిన్ డి, రోజుకి 400 యూనిట్లు. ఒక్కటి జాగ్రత్తగా చూడండి: కొన్ని సీసాల్లో ఆ 400 ఒక్క చుక్కలోనే ఉంటాయి, కొన్నింట్లో 1 మి.లీ.లో. సీసా మార్చినప్పుడు పాత డ్రాపర్ వాడితే ఎన్నో రెట్లు పడిపోతుంది. ‘ఎ, సి, డి’ కలిసిన చుక్కలు మీ డాక్టరు చెబితేనే.

ఆర్నెల్లు దాటాక మెత్తగా ఉడికించిన గుమ్మడి, క్యారెట్, పాలకూర పెట్టండి. అర చెంచా నెయ్యి కలిపితేనే అందులోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) బాగా ఒంటబడుతుంది.

6–11 నెలల మధ్య ఇండియా వెళ్తుంటే బయల్దేరే ముందు ఇక్కడే ఎంఎంఆర్ (మీజిల్స్, మంప్స్, రుబెల్లా) టీకా ఒక డోసు వేయించండి. ఏడాది నిండాక మళ్లీ రెండు డోసులూ వేయించాలి, ఆ ముందు వేసింది లెక్కలోకి రాదు.

జవాబు, లండన్:
ఇటు వచ్చేవాళ్లకి పద్ధతి వేరు. 6 నెలల నుంచి ఐదేళ్ల దాకా రోజూ ఎ, సి, డి చుక్కలు వేయమంటారు. డబ్బాపాలు రోజుకి 500 మి.లీ. పైన తాగే పిల్లలకి అక్కర్లేదు, ఆ పాలల్లోనే కలిపి ఉంటాయి.