అమ్మ మడమ నొప్పికి అచ్చు తీసి చేసే ఇన్‌సోల్స్: వాడినవాళ్లు చెప్పగలరా?

నమస్కారం అండీ. మా అమ్మ గుంటూరు దగ్గర బడిలో టీచరు. ఏడాది పైగా కుడి మడమ నొప్పి. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులూ నరకం. కాస్త నడిస్తే సర్దుకుంటుంది, పూటంతా నిలబడి పాఠాలు చెప్పాక మళ్లీ మొదలు. ఎముకల డాక్టరు ప్లాంటార్ ఫేసియైటిస్ అన్నారు. అంటే మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పొర దెబ్బతినడం. ఎక్స్‌రేలో మడమ ఎముక కాస్త పెరిగినట్టు కనిపించినా నొప్పికి అదే కారణం కాకపోవచ్చట.

ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అడుగు ఉండేవి), పిక్కలు సాగదీసే వ్యాయామాలతో కొంత నయం. ఇప్పుడు పాదం అచ్చు తీసి ఇన్‌సోల్ (చెప్పు లోపల పాదం కింద పెట్టే అట్ట) చేయించమంటున్నారు. రెడీమేడ్ వాటికన్నా ఇవి మేలని పరిశోధనల్లో గట్టిగా తేలలేదని చదివాను. కానీ అమ్మ పాదం వంపు బాగా ఎత్తు, షాపులో కొన్నవి అక్కడ ఆనడమే లేదు.

నా అసలు బెంగ వేరే. అమ్మ షూ వేసుకోదు, చీర మీదకి చెప్పులే. ఇంట్లో అయితే గ్రానైట్ నేల మీద ఉత్తి కాళ్లే. విడి ఇన్‌సోల్ చెప్పుల్లో నిలవదు కదా! అచ్చు ప్రకారం వెనక పట్టీ ఉన్న శాండల్‌లోనే అమర్చి ఇచ్చేవాళ్లు గుంటూరు, విజయవాడ వైపు ఉన్నారా? ఎంత తీసుకుంటారు? ఒత్తుకుంటే మళ్లీ సరిచేస్తారా? ఇంట్లో తిరగడానికి మీవాళ్లు ఏం వాడుతున్నారు? స్టెరాయిడ్ ఇంజెక్షన్ దాకా వెళ్లకముందే ఇది ప్రయత్నించాలని ఉంది. దయచేసి చెప్పండి.