చూడగానే గుర్తుపట్టే శైలి ప్రతి చిత్రకారుడికీ ఉండి తీరాలా?

ప్రశ్న – నీటిరంగులు

నేను హైదరాబాద్‌లో చిత్రకళలో డిగ్రీ పూర్తి చేసి, కొన్నేళ్లుగా సొంతంగా పని చేసుకుంటున్నాను. పాతబస్తీ గల్లీలను నీటిరంగుల్లో వేస్తాను, మా అమ్మ తరపు బంధువుల ముఖాలను యాక్రిలిక్‌లో వేస్తాను, ఈ మధ్య లినోలియం పలకలు చెక్కి ముద్రలు తీయడం కూడా మొదలుపెట్టాను. ఇవన్నీ కలిపి ఒక గ్యాలరీలో చూపించినప్పుడు, నిర్వాహకులు ఓపికగానే చూసి, ముగ్గురు వేరువేరు మనుషులు వేసినట్టున్నాయని, నా శైలి ఏదో ముందు తేల్చుకుని వస్తే ప్రదర్శన సంగతి ఆలోచించవచ్చని చెప్పారు.

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. తోట వైకుంఠం గారి చిత్రం గదికి అవతలి గోడ మీద ఉన్నా, ఆ పెద్ద బొట్టు, ఆ ముదురు రంగుల చీర కంటపడగానే ఆయనదని తెలిసిపోతుంది. బాపు గారి గీతకు సంతకం అక్కర్లేదు. ఆ గుర్తింపు వాళ్లు ముందుగా నిర్ణయించుకుని సాధించినదా, పని చేస్తూ పోగా ఏర్పడినదా అన్నది నా సందేహం. ఇప్పుడు ఒక దారిని ఎంచుకుని మిగతా రెండూ వదిలేయడం మంచిదేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు – పాత కుంచె

వైకుంఠం గారి పేరు ఎత్తారు కనుక అక్కడే మొదలుపెడతాను. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు, హైదరాబాద్‌లో చదువుకున్నారు, ఆ తర్వాత బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. సుబ్రమణ్యన్ తన చుట్టూ ఉన్న జానపద కళలనూ చేతివృత్తులనూ శ్రద్ధగా పరిశీలించి, వాటి నుంచి ఆధునిక చిత్రభాషను తయారు చేసుకున్న మనిషి. అటువంటి గురువు దగ్గర చదివినా, మనం ఈ రోజు గుర్తుపట్టే తెలంగాణ స్త్రీ వైకుంఠం గారి కాన్వాసు మీద స్థిరపడడానికి చాలా ఏళ్లే పట్టింది. మధ్యలో సినిమాకు కళాదర్శకత్వం చేశారు, 'దాసి' చిత్రానికి జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. చిన్నతనంలో ఊళ్లో చూసిన నాటకాల్లో ఆడవేషం కట్టిన నటులు, తన తల్లి, ఊరి ఆడవాళ్ల బొట్టూ చీరా నగలూ తన బొమ్మల్లోకి ఎలా వచ్చాయో ఆయనే చెప్పారు. అంటే ఆ శైలికి ముడిసరుకు చదువుకు ముందు నుంచే ఆయన దగ్గర ఉంది. దాని దగ్గరికి తిరిగి వెళ్లడానికే అంత కాలం కావలసి వచ్చింది.

మూడు మాధ్యమాల విషయంలో మీరు భయపడనక్కర్లేదని చెప్పడానికి లక్ష్మాగౌడ్ గారు నాకు మరింత మంచి ఉదాహరణగా కనిపిస్తారు. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన కూడా బరోడాలోనే ముద్రణకళ నేర్చుకున్నారు. రాగి, జింకు పలకల మీద ఆమ్లంతో గీతలు తినిపించి ముద్రలు తీసే ఎచింగ్, కలంతో గీసిన రేఖాచిత్రాలు, ఆపైన రంగులు, గాజు మీద చిత్రాలు, టెర్రకోట, కంచు శిల్పాలు, అన్నీ చేశారు. వీటి ఉపరితలాలు ఒకదానితో ఒకటి పోలవు. అయినా ఊరి మనుషులు, మేకలు, చెట్లు, శరీరాల మీద ఆయనకున్న దాపరికం లేని ఆసక్తి అన్నిటిలోనూ ఒక్కటే. కనుక మీ గ్యాలరీవారి మాటను 'ఒకే మాధ్యమంలో వేయండి' అన్న ఆదేశంగా తీసుకోవద్దు. 'మీరు దేని వెంట పడుతున్నారో మాకు కనిపించడం లేదు' అన్న ఫిర్యాదుగా తీసుకోండి, అప్పుడు ఆలోచించడానికి వీలవుతుంది.

జవాబు – గీతల కొలువు

పై జవాబుతో నేను సగమే ఏకీభవిస్తాను. గ్యాలరీ కోసం వేసేవారు అంత కాలం ఆగగలరేమో గాని, పత్రికలకూ పుస్తకాలకూ బొమ్మలు వేసి బతికేవారికి ఆ వెసులుబాటు లేదు. సంపాదకుడు కథ చేతికిచ్చేటప్పుడే ఎటువంటి బొమ్మ వస్తుందో ఆయనకు కొంత తెలిసి ఉండాలి, అందుకే ఫలానా చిత్రకారుణ్ని పిలుస్తాడు. 'చందమామ' సంగతి చూడండి. ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, శంకర్, వపాగా అందరూ ఎరిగిన వడ్డాది పాపయ్య ఒకే పత్రికకు వేశారు, ఒకే రకం కథలకు వేశారు. అయినా భేతాళ కథకు శంకర్ వేసిన చెట్టునీ శవాన్నీ వపా వేశారని ఏ పాఠకుడూ పొరబడలేదు. వపా ముఖచిత్రంలోని నీటిరంగుల మెరుపు మరొకరి చేతికి వచ్చేది కాదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. పత్రికా చిత్రకారుల శైలికి అచ్చు యంత్రం కూడా ఒక కారణం. లోహపు అచ్చులకు సిరా పూసి కాగితం మీద అదిమే లెటర్‌ప్రెస్ రోజుల్లో బొమ్మను లైన్ బ్లాకు చేయించేవారు. ఆ బ్లాకు మీద నలుపూ తెలుపూ తప్ప మధ్యలోని ఛాయలు నిలిచేవి కావు, మెత్తటి న్యూస్‌ప్రింట్ మీద సన్నని నీడలన్నీ అలుక్కుపోయేవి. ఆ పరిమితిలో పనిచేసిన చిత్రకారుడు గీతతోనే అంతా చెప్పాలి. బాపు గారి (1933–2014) గీతలోని పొదుపును నేను ఆ నేపథ్యంలోనే చదువుకుంటాను: జడకు ఒక వంపు, కంటికి ఒక విరుపు, మిగిలిందంతా తెల్ల కాగితం. ఆయన చేతిరాత కూడా ఆ బొమ్మల్లో భాగమైపోయి, చివరకు కంప్యూటర్ ఫాంటుగా మన పెళ్లి శుభలేఖల దాకా వచ్చింది. అందుచేత, శైలి దానంతట అదే వస్తుందని కూర్చోకుండా, మీకు మీరే ఒక గట్టి పరిమితి పెట్టుకుని చూడమని నా సలహా. లినోకట్ మీకు ఇప్పటికే అటువంటి పరిమితిని ఇస్తోంది: చెక్కిన చోట తెలుపు, వదిలిన చోట నలుపు, ఒకసారి ఉలి దిగాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మన 1957 కాపీరైట్ చట్టం మీరు వేసిన బొమ్మను కాపాడుతుంది గాని, మీ శైలిని కాపాడదు. పైపై లక్షణాలే శైలి అయితే ఎవరైనా వాటిని ఎత్తుకుపోవచ్చు, ఇప్పుడు ఆ పని యంత్రాలు కూడా చేస్తున్నాయి.

జవాబు – చేర్యాల దారి

మనం శైలి అనగానే వ్యక్తినే తలుచుకుంటున్నాం, కానీ మన నేల మీదే వేరే పద్ధతి ఉంది. తెలంగాణలోని చేర్యాలలో వేసే నకాషీ పటాల్లో, అంటే కథను వరుస బొమ్మల్లో చెప్పే గుడ్డ చిత్రాల్లో, శైలి ఇంటిది, వంశానిది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించడం దగ్గర నుంచి, వెనక ఎర్రరంగు నింపడం, దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు వేయడం దాకా అంతా సంప్రదాయం చెప్పినట్టే జరుగుతుంది. పటం ముందు నిలబడి కులపురాణం చెప్పే కాకిపడగలవారికీ, పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారికీ కావలసింది కథ జనానికి అందడం. వేసినవాడు కొత్తగా కనిపించాలని వారు ఎన్నడూ అడగలేదు. అలాగని ఆ చిత్రకారుల కళ ఏ మాత్రం తక్కువది కాలేదు. సిద్దిపేట కాపు రాజయ్య గారు (1925–2012) ఆ నకాషీ సంప్రదాయం నుంచి తీసుకుని బోనాలనూ బతుకమ్మనూ తన పద్ధతిలో వేశారు, ఆయన బొమ్మనూ మనం గుర్తుపడతాం. అందరికీ చెందిన శైలిలో నిండా మునిగినవాడికి కూడా తన చేయి తనకు దొరుకుతుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జవాబు – ఎదురుగోడ

నేను చిత్రకారుణ్ని కాదు. బొమ్మలు చూసి వాటి గురించి రాసేవాణ్ని. చూసేవారికి శైలి ఎందుకంత ప్రియమో, అది చిత్రకారుడికి ఎంత బరువవుతుందో చెప్పాలనిపించింది. ఇటలీకి చెందిన జార్జియో డి కిరికో 1910లలో ఖాళీ చౌకులు, పొడవాటి నీడలు, విగ్రహాలతో వేసిన చిత్రాలకు గొప్ప పేరు వచ్చింది. తర్వాత ఆయన పూర్తిగా మారి పాత ఆచార్యుల పద్ధతిలో వేయసాగితే, జనం మాత్రం పాతవే అడిగారు. ఆయన ఆ పాత చిత్రాలకు తనే నకళ్లు వేసి, కొన్నిటి మీద వెనకటి తేదీలు వేసి ఇచ్చారు. అసలేదో నకలేదో తేల్చే చర్చ నేటికీ ముగియలేదు. బెంగాల్‌లో జామినీ రాయ్ (1887–1972) పాశ్చాత్య పద్ధతిలో నేర్చిన రూపచిత్రాలను విడిచి, కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర అమ్మే జానపద పటాల నుంచి ఆ పెద్ద కళ్ల బొమ్మలను సాధించారు. ఆ సరళతే ఆయన గొప్పతనం, నకిలీలు వేసేవారికి సులువుగా దొరికింది కూడా అదే.

అయితే దీన్నిబట్టి శైలి వద్దని నేను అనను. అమెరికాలో ఫిలిప్ గస్టన్ అమూర్త చిత్రకారుడిగా, అంటే గుర్తుపట్టే ఆకారాలు లేని బొమ్మలు వేసేవాడిగా, మంచి పేరు సంపాదించి, 1970లో న్యూయార్క్ మార్ల్‌బరో గ్యాలరీలో ఒక్కసారిగా ముసుగు మనుషులు, బూట్లు, సిగరెట్లతో మొరటు కార్టూన్ల వంటి చిత్రాలు పెట్టారు. విమర్శకులు చీల్చి చెండాడారు, స్నేహితులు దూరమయ్యారు. ఇప్పుడు చూస్తే ఆ గులాబీ రంగూ, ఆ బరువైన కుంచె విసురూ ఆయన అమూర్త చిత్రాల్లోనే ఉన్నాయని తెలుస్తుంది. తేల్చుకోవలసిన తొందర గ్యాలరీకి ఉంటుంది, ఎందుకంటే వారు కొనేవారికి ఏదో ఒకటి చెప్పాలి. ఆ తొందర మీదిగా చేసుకోవద్దని నా మనవి.

నీటిరంగులు

అందరికీ కృతజ్ఞతలు. పాత కుంచె గారూ, దేని వెంట పడుతున్నానో చూసుకోమన్నారు, కానీ నా పనిని నేనే బయటి మనిషిలా చూడడం ఎలాగో తెలియడం లేదు. ఇప్పటికి గమనించింది ఒక్కటే: గల్లీల చిత్రాల్లోనూ లినోకట్‌లలోనూ దాదాపు అన్నీ మధ్యాహ్నం వేళ మూసి ఉన్న దుకాణాలే. మనుషులు లేరు. యాక్రిలిక్ ముఖాలకు దీనితో ఏ సంబంధమూ కనిపించడం లేదు.

పాత కుంచె

మీరు గమనించినది చాలా విలువైనది. గ్యాలరీకి మూడూ కలిపి తీసుకువెళ్లారు కాబట్టి వారికి అది కనిపించలేదు. మూసిన దుకాణాల నీటిరంగుల చిత్రాలనూ లినోకట్‌లనూ పక్కపక్కన పెట్టి, ఒకే తలుపును రెండు మాధ్యమాల్లోనూ వేసిన జంటలు కొన్ని తయారు చేయండి. నీటిరంగుల్లో నీడ పారదర్శకంగా ఉంటుంది, లినోలో అదే నీడ గట్టి నలుపవుతుంది. ఆ తేడాలో మీకు ఏది కావాలో మీ చేతికే తెలుస్తుంది. చిత్రాలన్నీ ఒకే రెండు మూడు కొలతల్లో ఉండేలా చూసుకోండి, గోడ మీద అవి ఒకరి పనిగా కనిపించడానికి అది కూడా సాయపడుతుంది. ముఖాలను ఈ ప్రదర్శనకు తీసుకువెళ్లకండి, కానీ వేయడం మాత్రం మానకండి. మూసిన తలుపుల ముందు మనుషులు ఎందుకు లేరన్న ప్రశ్నకు మీ బంధువుల ముఖాల్లో ఏమైనా దొరుకుతుందేమో చూడాలి, దానికి గడువేమీ లేదు.