దుకాణం బోర్డు మీద విదేశీ బ్రాండ్ల పేర్లను తెలుగులో ఎలా రాయించాలి?

ద్వారకానగర్ వ్యాపారి:

అందరికీ నమస్కారం. విశాఖపట్నం ద్వారకానగర్‌లో మా కుటుంబానికి చెప్పులు, బూట్లు అమ్మే దుకాణం ఉంది. దానిని విస్తరిస్తున్నందున కొత్త బోర్డులు రాయిస్తున్నాము. ఇంగ్లీషులో కంపెనీ లోగోలే ఉంటాయి కాబట్టి సమస్య లేదు. తెలుగు అక్షరాల దగ్గరికి వచ్చేసరికి, ఏది రాయమంటారని బోర్డులు రాసే ఆయన అడిగితే ఇంట్లోనే మూడు జవాబులు వచ్చాయి. జర్మనీలో చదువుతున్న మా మేనల్లుడు ‘ఆదిదస్’ అంటాడు. అమెరికాలో స్థిరపడిన మా వదినగారు ‘అడీడస్’ అంటారు. కొట్టుకు వచ్చేవారంతా ‘అడిడాస్’ అనే అడుగుతారు. ‘నైకీ’, ‘నైక్’ అన్న తగవు కూడా ఇలాంటిదే. కంపెనీ పుట్టిన దేశంలో పలికే తీరును ప్రమాణంగా తీసుకోవాలా, లేక మా కొనుగోలుదారులు పలికే తీరునా? తెలిసినవారు కారణంతో సహా చెప్పగలరని మనవి.

ఎంవీపీ కాలనీ మాస్టారు:

అయ్యా, మీ ఇంట్లో వినబడిన మూడు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు మొదటి అక్షరాన్ని, మరొకరు రెండవదాన్ని, మన ఊరివారు మూడవదాన్ని దీర్ఘం చేస్తున్నారు. జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ మాటలో ఏదో ఒక భాగాన్ని ఊని పలుకుతారు, ఆ ఊనికను మన చెవి దీర్ఘంగా వింటుంది. హెర్ట్సోగెనౌరాఖ్ అనే చిన్న పట్టణంలో అడాల్ఫ్ డాస్లర్ 1949లో తన ముద్దుపేరు ఆదిని, ఇంటిపేరులోని మొదటి భాగాన్ని కలిపి ఆ పేరు పెట్టాడు కనుక, జర్మన్లు ‘ఆది’ని ఊని పలకడం సహజమే. ఇక ద, డ సంగతి. జర్మన్లు పలికే ధ్వని మన ‘ద’ అంత పళ్లకు తగలదు, మన ‘డ’ అంతగా నాలుక వెనక్కి మడవదు, రెంటికీ నడుమ ఉంటుంది. కాబట్టి వీటిలో ఏది రాసినా అది సన్నిహిత రూపమే తప్ప అచ్చమైన రూపం కాదు.

‘నైకీ’ విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. 1971లో తన బూట్లకు ఈ పేరు పెట్టిన ఆ అమెరికా కంపెనీ తన పేరును రెండు అక్షరాలుగా, ‘కీ’తోనే పలుకుతుంది. ఇంగ్లీషులో చివరి ‘ఇ’ చాలా మాటల్లో పలకదు కనుక ‘బైక్’, ‘లైక్’ వరసలో దీనినీ ‘నైక్’ అని చదివేవారు బ్రిటన్‌లో కూడా చాలామంది ఉన్నారు. అయితే ఆ పేరుకు మూలమైన విజయదేవతను నేటి గ్రీకులు ‘నీకి’ అంటారు. పుట్టుక వెంట ఎంతవరకు వెళ్లాలన్న ప్రశ్నకు అంతు ఉండదనడానికి ఈ ఒక్క పేరు చాలు.

మీ కొట్టులో బాటా కూడా ఉండే ఉంటుంది. మనలో చాలామంది దానిని భారతీయ కంపెనీ అనే అనుకుంటారు గాని, 1894లో నేటి చెక్ దేశంలోని జ్లీన్ పట్టణంలో అది మొదలైంది. చెక్ లిపిలో ఆ పేరులోని ‘టి’ మీద ఒక గుర్తు ఉంటుంది, దానివల్ల అక్కడి ఉచ్చారణ ‘బత్య’కు దగ్గరగా ఉంటుంది. 1930లలో కలకత్తా దగ్గర బాటానగర్ వెలసింది. దేశమంతా దీర్ఘంతో, ‘ట’తో పలికింది. దానిని ఇప్పుడు దిద్దబోవడం అనవసరమని నా అభిప్రాయం.

ఓడ ఉద్యోగి:

మాస్టారు చెప్పినదానికి ఓడరేవుల్లో విన్న మాటలు కొన్ని కలుపుతాను. మన రేవులో కంటైనర్ల మీద కూడా కనబడే ‘హ్యుందాయ్’ పేరును ఇక్కడ చాలామంది ‘హుండాయ్’ అంటారు. బూసాన్‌లో కొరియా వారు దానిని ‘హ్యన్‌దే’ అన్నట్లుగా, చివర ‘య్’ లేకుండా పలుకుతారు. అమెరికావారు ‘సండే’కు ప్రాసగా ‘హన్‌డే’ అంటారు. బ్రిటన్‌లో ఎన్నో ఏళ్లు ‘హయండాయ్’ అనే రూపమే నడిచింది. 2023లో కంపెనీ అక్కడ ప్రత్యేకంగా ప్రకటనలు ఇచ్చి, తమ పేరును ‘హ్యున్‌డే’ అని పలకమని కోరింది. ఇక్కడ గమనించదగినదేమిటంటే, ఇంత పెద్ద కంపెనీ అన్నేళ్లపాటు ఏ దేశంలో ఎలా పలికితే అలాగే కార్లు అమ్ముకుంది.

బూట్ల పేర్లే కావాలంటే ‘అసిక్స్’ను చూడండి. అది జపాన్ కంపెనీయే అయినా, జపాన్‌లో అడిగితే ‘అషిక్కుసు’ అంటారు. వారి భాషలో ‘సి’ అనే ధ్వని ‘షి’గా మారుతుంది, మాట చివర హల్లు నిలవక ఒక అచ్చు చేరుతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. బస్సు, బ్యాంకు, కారు అన్నట్లే మా నాయనమ్మ ‘కోల్గేటు’, ‘సర్ఫు’ అనేది, ఆ పేర్లు ఆమె నోట పూర్తిగా తెలుగు మాటలయ్యాయి. దానిని తప్పు అనడానికి నాకు మనసు ఒప్పదు.

ప్రూఫ్ రీడర్, సీతమ్మధార:

పైవారి వాదనతో నేను సగమే ఏకీభవిస్తాను. జనం నోట స్థిరపడిన పేరును కదిలించకూడదన్నది నిజమే. 2005 ప్రాంతంలో ఒక జర్మన్ కార్ల కర్మాగారం విశాఖకు వస్తుందన్న వార్తలు ఊరంతా మారుమోగాయి. చివరకు అది పుణె దగ్గరి చాకణ్‌కు వెళ్లింది, ‘వోక్స్‌వ్యాగన్’ అనే పేరు మాత్రం ఇక్కడ పాతుకుపోయింది. జర్మన్‌లో ‘వి’ని ‘ఫ’గా, ‘డబ్ల్యు’ను ‘వ’గా పలుకుతారు కాబట్టి అక్కడ అది ‘ఫోల్క్స్‌వాగెన్’. అంతమాత్రాన నేను ఇప్పుడు అలా దిద్దితే పాఠకుడు తికమక పడతాడు.

అయితే ఇంగ్లీషు స్పెల్లింగ్‌ను చదివి ఊహించి రాసే అలవాటును మాత్రం నేను సమర్థించలేను. ‘ఔడి’ అనే కార్ల పేరు జర్మన్‌లో స్పష్టంగా ‘ఔ’తోనే మొదలవుతుంది. ఆ అచ్చు మన వర్ణమాలలో ఉంది, ఔషధం అని రోజూ రాస్తున్నాం. అయినా ఇంగ్లీషులో ‘ఆగస్టు’ను చూసిన కళ్లతో ‘ఆడి’ అని రాస్తున్నాం. ఎ, ఏలను, ఒ, ఓలను వేరుగా చూపగల లిపి మనకు ఉండగా, రోమన్ లిపి చెప్పలేక వదిలిన దానిని మనమూ వదలడం ఎందుకు? స్థిరపడని పేరైతే మూలాన్ని విచారించి రాయండి. ఏది రాసినా బోర్డు మీద, బిల్లు మీద, సంచి మీద ఒకే రూపం ఉండేలా చూసుకోండి.

ద్వారకానగర్ వ్యాపారి:

అందరికీ కృతజ్ఞతలు. ‘అడిడాస్’, ‘నైకీ’, ‘బాటా’, ‘అసిక్స్’ అని ఖాయం చేశాము. మిగిలినది ఒక్కటే. ‘పూమా’ అని రాయించాలా, ‘ప్యూమా’ అని రాయించాలా? మా కొట్టులో రెండూ వినబడతాయి.

ఎంవీపీ కాలనీ మాస్టారు:

‘పూమా’ అని రాయించండి. ఆది డాస్లర్ అన్న రుడాల్ఫ్, తమ్ముడితో విడిపోయి అదే పట్టణంలో 1948లో నెలకొల్పిన కంపెనీ అది. జర్మన్‌లో ‘పూ’ అనే పలుకుతారు, ‘య’ ధ్వని బ్రిటిష్ ఇంగ్లీషు వల్ల చేరింది. మీ కొనుగోలుదారుల్లో కొందరు ఇప్పటికే ‘పూమా’ అంటున్నారు కాబట్టి ఆ బోర్డు ఎవరికీ కొత్తగా అనిపించదు.