‘క్రేడిల్ టు గ్రేవ్’కి తెలుగు ఏమిటి?

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి బ్రిటన్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘ఫ్రమ్ ద క్రేడిల్ టు ద గ్రేవ్’ (ఉయ్యాల తొట్టి నుంచి సమాధి దాకా) అన్న మాట అందులో పదే పదే వస్తోంది. ‘పుట్టుక నుంచి పుడకల దాకా’ అని రాసి, ప్రాస కుదిరిందని మురిసిపోయాను. పొద్దున్న మళ్లీ చదువుకుంటే ఎక్కడో తేడా కొట్టింది. మీరేమంటారు?

—

అక్కా, తేడా సామెత దగ్గరుంది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అని విని పెరిగాం కదా. ఆ రెండు మాటలూ పక్కపక్కన కనిపిస్తే మారని మనిషే గుర్తొస్తాడు. బ్రిటిష్‌వాళ్ల మాటలో ఉన్నది భరోసా.

ఆ పదబంధం యుద్ధానికి చాలా ముందు నుంచీ ఉన్నదే. 1942 డిసెంబరులో, అందరికీ సామాజిక బీమా ఉండాలని సూచించిన బెవరిజ్ నివేదిక వచ్చింది. 1943 మార్చి 21న అప్పటి ప్రధాని చర్చిల్ రేడియోలో మాట్లాడుతూ, అన్ని వర్గాలకూ తప్పనిసరి జాతీయ బీమా ఉండాలన్నది తన మాట కూడా అని చెబుతూ దీన్ని వాడాడు. అమలు చేసింది మాత్రం 1945 ఎన్నికల్లో ఆయన్ని ఓడించిన లేబర్ పార్టీ నాయకుడు అట్లీ ప్రభుత్వం. ఆస్పత్రులన్నీ ఉచితమైన రోజూ, బీమా మొదలైన రోజూ ఒకటే, 1948 జులై 5.

దీన్ని ‘జీవితాంతం’ అని తేల్చేసిన అనువాదాలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే ఆ రెండు కొసల దగ్గరా చేతికి అందే డబ్బుంది. 1946 నాటి బీమా చట్టం ప్రకారం కాన్పు అయితే 4 పౌండ్లు, ఇంట్లో వయసొచ్చిన మనిషి పోతే 20 పౌండ్లు. ఆనాడు మగ కార్మికుడికి ఇరవై పౌండ్లంటే దాదాపు మూడు వారాల సంపాదన.

చావు ఖర్చు ప్రభుత్వం ఇవ్వడంలో అంత గొప్పేముందని అనిపించవచ్చు. అప్పట్లో అక్కడి బీదవాళ్లకు చావుకన్నా దిక్కులేని శవంగా పోతామన్న భయం ఎక్కువ. 1832లో వచ్చిన ఒక చట్టం, ఎవరూ అడగని శవాలను కోసి పాఠం చెప్పుకోవడానికి వైద్య కళాశాలలకు ఇవ్వనిచ్చింది. బీదల ఆశ్రమాల్లో పోయినవాళ్లలో ఎందరికో అదే గతి. ఆ భయంతోనే తరాల తరబడి, పిల్లలకు పాలు తగ్గించైనా సరే, వారం వారం గుమ్మంలోకి వచ్చే ప్రైవేటు బీమా కంపెనీ మనిషి చేతిలో పెన్నీ పెట్టారు. శవయాత్ర పరువుగా జరిగి, వచ్చినవాళ్లకు టీతో పాటు పంది మాంసం ముక్కలు వడ్డించగలిగితే, ‘హ్యామ్‌తో సాగనంపాం’ అని ఉత్తర ఇంగ్లండ్‌లో చెప్పుకునేవారు. దినాల నాడు గారెలూ బూరెలూ వండి పదిమందికీ పెట్టామని మనవాళ్లు చెప్పుకోరూ, అలాగే.

మా నాయనమ్మ ట్రంకు పెట్టె అడుగున, పాత పంచె ముక్కలో కట్టి నోట్లు దాచుకునేది. ‘ఇవి నా కట్టెలకిరా, ముట్టకండి’ అనేది. ఇంట్లో ఎంత ఇబ్బందొచ్చినా ఆ ముడి విప్పలేదు. ‘గ్రేవ్’ అన్న మాట చూస్తే నాకు ఆ ముడే కనిపిస్తుంది.

అందుకే ‘పురిటి మంచం నుంచి పాడె దాకా’ అంటే ఎలా ఉంటుందో చూడండి. ఆ నాలుగు పౌండ్లు కాన్పయిన తల్లికి కాబట్టి ఉయ్యాల తొట్టికన్నా పురిటి మంచమే దగ్గర. పాడె అంటే పూడ్చేవాళ్లకూ కాల్చేవాళ్లకూ సరిపోతుంది. 1968 నాటికి బ్రిటన్‌లోనే పూడ్చడంకన్నా దహనాలు ఎక్కువయ్యాయి, గ్రేవ్ అన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

—

మేం ఇంగ్లండ్‌లో లీడ్స్ దగ్గర ఉంటామండి. నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, 1960ల్లో ఇక్కడి ఆస్పత్రిలో చేరారు. తెలుగు డాక్టర్లు చాలామంది అప్పుడే వచ్చారు. ముసలివాళ్లు ఆయనతో ‘నా స్టాంపు నేను కట్టాను డాక్టర్’ అనేవారట. బీమా సొమ్ము కట్టినట్టు వారం వారం కార్డు మీద స్టాంపు అంటించేవారు. 1948లో మగ ఉద్యోగి జీతంలోంచి వారానికి 4 షిల్లింగుల 11 పెన్స్, అంటే పావు పౌండుకు కాస్త తక్కువ, దానికే పోయేవి. ఊరికే ఇచ్చింది కాదు, మేం కట్టుకున్నదే అన్న పట్టింపు ఆ మాటలో ఉంది. మీ అనువాదంలో అది కూడా వినిపించాలని నా కోరిక.

—

మా దిక్కు తొట్టెల అంటమన్నా. ‘తొట్టెల నుంచి కాటి దాంక’ అంటే మా అవ్వకు సుత సమజైతది. పాడె అన్న మాట ఇంట్ల అంటే పెద్దోళ్లు కసురుతరు, శీర్షికల పెడితే కొందరు చదవనే చదవరు.

—

తమ్ముడూ, ‘కాటి దాంక’ నాకు బాగా నచ్చింది. ‘కాటికి కాళ్లు చాపుకున్న’ అని రోజూ అనే మాటే కాబట్టి అంత కటువుగానూ ఉండదు. కాకపోతే తొట్టెల అన్నప్పుడు పసిబిడ్డ కనిపిస్తాడు, తల్లి కనిపించదు. ఆ ఒక్కదానికే పురిటి మంచాన్ని వదలలేకపోతున్నాను.

లీడ్స్ నుంచి రాసినవారికి: పట్టింపు సంగతి నిజమేనండి. దానికి రెండో వైపు కూడా ఉంది. చావు ఖర్చు ఇవ్వడం 1949లో మొదలైనప్పుడు, బీమా ప్రారంభమైన నాటికే పింఛను వయసు దాటిన ముసలివాళ్లను, అంటే 65 దాటిన మగవాళ్లను, 60 దాటిన ఆడవాళ్లను, లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లు స్టాంపు కట్టలేదు కదా అన్నారు. దిక్కులేని శవమవుతామన్న భయంతో జీవితమంతా పెన్నీలు కట్టింది ఆ తరమే. ఆ సాయం 1967లో 30 పౌండ్లకు చేరి, ఇరవై ఏళ్లు ఒక్క పౌండు కూడా పెరగక, 1987లో రద్దయింది. అప్పటికి ఆ ముప్పై పౌండ్లకు శవపేటిక కూడా వచ్చేది కాదు.

అక్కా, మీ వ్యాసం 1950ల గురించైతే ‘పురిటి మంచం నుంచి కాటి దాకా’ అని కలిపి రాయండి. 1987 తర్వాతి సంగతి చెప్పే చోట మాత్రం ‘కాటి దాకా’ తీసేయండి.